రాహుకాలం దాటితే లేస్తుంది

విజయదశమి పొద్దున హోసూరు వీధుల్లో స్కూటర్ నడపగలిగినవాళ్ళు మంచుకొండల మీద నడపమన్నా నడుపుతారు. ముందురోజు సాయంత్రం ఆయుధపూజకి ప్రతి షాపు వాకిట్లోనూ బూడిదగుమ్మడికాయ పగిలి ఉంటుంది. ఆ గుజ్జూ, గింజలూ, కుంకుమ నీళ్ళూ కలిసి రోడ్డంతా జారుడుబండే. మధుమిత మాత్రం ఆ పొద్దున జర్రున జారుతూ, పడకుండా, కూనిరాగం తీస్తూ సిప్‌కాట్ ఫ్యాక్టరీల వెనక వీధిలోకి తిరిగింది. ఆమెకి రోడ్డు మీద ధ్యాస ఉంటే కదా!

ఆరోజు వాళ్ళ నాయన లక్ష్మణప్ప ఒక మాట చెబుతానన్నాడు. అదీ సంగతి.

లక్ష్మణప్పది లేతు పని. ఆయన తండ్రి ఒక్క లేతుతో మొదలుపెట్టిన షాపులో ఇప్పుడు కంప్యూటరు చెప్పినట్టు ఇనుము కోసే సి.ఎన్.సి. లేతులు నిలబడి ఉన్నాయి. కానీ ఈమధ్య ఆయన మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. షాపు ఇకమీదట ఎవరిదన్న మాట చుట్టాల్లో లేచింది. ఉన్నది ఒక్క కూతురు. ఆమెకి పోటీగా లక్ష్మణప్ప అన్న కొడుకు గోపీనాథ్. ఎవరు అడిగినా లక్ష్మణప్ప "విజయదశమి నాడు చెబుతా పో" అని తప్పించుకునేవాడు. మధుమితకి ఆ షాపు కావాలి. కావాలంటే కావాలి, అంతే. డిప్లొమా ముగిసిన నాటినుంచీ ఆ నూనె మరకల్లోనే ఆమె బతుకు. ఆ షాపు వేరొకరి చేతికి పోతుందంటే ఆమెకి అన్నం సయించదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఊరంతా ఆయుధపూజ నాడే గుమ్మడికాయ కొట్టేస్తారు గానీ, ఈ షాపులో మాత్రం మర్నాడు మొదటి పీసు దిగిన తర్వాతే కొడతారు. అది తాత పెట్టిన పద్ధతి. ఈసారి ఆ మొదటి పీసు మామూలుది కాదు. ఒక పెద్ద కంపెనీ వాళ్ళ పంపుకి కావలసిన బుష్ అది, ఇరుసు తిరిగే గొట్టం ముక్క. కొలిచి చూడటానికి ఆ కంపెనీ నుంచి శరవణన్ సార్ స్వయంగా వస్తున్నాడు. బాగుంటే ఆర్డరు. ఆ బుష్ ఎలా కోయాలో లేతుకి చెప్పే ప్రోగ్రాము మధుమితే రాసింది. రాసి తన కంప్యూటర్లో దాచింది. దాచిందే గానీ ఇంకో చోట పెట్టలేదు, తిట్టాలంటే అందుకు తిట్టండి.

షాపు తలుపు అప్పటికే తెరిచి ఉంది. లోపల మూలన పూజ దగ్గర అవ్వ ఆదిలక్ష్మమ్మ పీట వేసుకుని తమలపాకు నములుతూ కూర్చుంది. ఆమె లక్ష్మణప్ప తల్లి. పూజకు పెట్టిన సామాన్ల మీద ఎర్రటి పట్టుగుడ్డ కప్పి ఉంది. గుడ్డ కింద ఏముంటుందో మధుమితకి చిన్నప్పటినుంచీ తెలుసు. అరిటాకు మీద స్పానర్లు, డ్రిల్లు బిట్లు, చక్ కీలు. వాటి మధ్యలో వెండి పళ్ళెం. ఆ పళ్ళెంలో ఒక్క సామానే ఉంటుంది, అది షాపుకి పెద్దయిన మనిషిది. తాత ఉన్నన్నాళ్ళూ ఆయన కొలతలు తీసే వెర్నియర్ అందులో ఉండేది. ఒక దసరాకి తాత ఎవరితోనూ ఏమీ అనకుండా దాన్ని తీసి ఆకు మీద పెట్టి, పళ్ళెంలో లక్ష్మణప్ప మైక్రోమీటర్ పెట్టాడు. మర్నాటినుంచి షాపు లక్ష్మణప్పది.

నిన్నటి పూజకి మధుమిత లేదు. బుష్ రంధ్రం కొలిచే ప్లగ్ గేజ్ కోసం కృష్ణగిరిలో సోమప్ప మామ షాపుకి పోయింది. తిరిగి వస్తుంటే శూళగిరి దగ్గర పండగ రద్దీలో ఇరుక్కుపోయింది. ఇల్లు చేరేసరికి పూజా అయిపోయింది, గుడ్డా కప్పేశారు. పుట్టి బుద్ధెరిగాక తను లేకుండా జరిగిన ఆయుధపూజ అదొక్కటే. దానికి ఆమె అలిగి సగం పొంగలే తింది.

"అవ్వా, ఈ పొద్దు పూజ చేసి గుడ్డ తీసేది ఎప్పుడు?" అంది సంచి దించుతూ.

"రాహుకాలం పోనీ. అంతవరకూ గుడ్డ జోలికి రావద్దు. సామాన్లు నిద్రపోతా ఉండాయి."

"నిద్రపోనీ. నేను నా పెట్టెను లేపుకొంటా."

ఆమె పెట్టె అంటే ఎదురు మూలన బల్ల కింద ఉన్న పాత కంప్యూటరు. దానికీ బంతిపూల మాల వేసి, మూడు గంధం బొట్లు పెట్టారు. షాపు డ్రాయింగులన్నీ, ప్రోగ్రాములన్నీ అందులోనే. నడిచేది లినక్స్ మీద. మధుమిత దానికి దణ్ణం పెట్టి, బటన్ నొక్కింది.

తెల్ల అక్షరాలు గబగబా పరుగెత్తాయి. పరుగెత్తి పరుగెత్తి ఒక్కచోట ఆగాయి. చాలాసేపు ఆగాయి. తర్వాత 'గుంపు' అనే వాల్యూమ్ గ్రూపు దొరకలేదని ఒక వరుస వచ్చింది. ఇక నా వల్ల కాదు, నువ్వే చూసుకో అన్నట్టు నల్లటి తెర మీద ఒక చిన్న గీత మినుకుమినుకుమంటూ నిలబడింది.

మధుమిత కీబోర్డు ముందుకి లాక్కుంది.

గుంపు ఆమె పెట్టిన పేరే. పాత డిస్కులో చోటు చాలక, ఈమధ్యే కొత్త డిస్కు కొని పెట్టెలో బిగించింది. రెండు మళ్ళ మధ్య గట్టు తీసేసి ఒకే మడి చేసినట్టు, ఆ రెండు డిస్కుల చోటునూ కలిపి ఒకే గుంపు చేసింది. ఇకమీదట కంప్యూటరుకి ఏ ఫైలు ఏ డిస్కులో ఉందన్న బాధ లేదు, అంతా ఒకటే నేల. తను చేసిన పనికి తనే మురిసిపోయి, ఆరోజు అందరికీ మైసూరుపాకు పంచింది కూడా. ఇప్పుడు ఆ నేలే కనబడటం లేదంటోంది ఈ దరిద్రపు పెట్టె!

మొదట తన నెత్తి మీదే మొట్టికాయ వేసుకుంది. కంప్యూటరు లేచేటప్పుడు అసలు సిస్టం కన్నా ముందు ఒక చిన్న సిస్టం లేస్తుంది. గుంపును వెతికి పట్టుకునేది అదే. కొత్త డిస్కు బిగించిన రోజు ఆ సంగతి దానికి చెప్పిందా, మరిచిపోయిందా? చెప్పింది. పైగా పోయిన వారం కరెంటు పోయి వచ్చినప్పుడు చక్కగా లేచింది కూడా. మరి ఇవాళ ఏం రోగం? గుంపును లేపమని కమాండ్ కొట్టింది. లేవనంది. గుంపులో ఎవరెవరు ఉన్నారో చూపించమంది. పాత డిస్కు ఎదురుగా దాని పేరు వచ్చింది. కొత్త డిస్కు ఎదురుగా మాత్రం మూరెడు పొడుగు నంబరు వేసి, ఇది కనబడటం లేదని రాసింది.

"కనబడకుండా యాడికి పోతుంది? నిన్న మధ్యాహ్నం నేనే గదా షట్‌డౌన్ చేసి పోయినాను!" అని పైకే అరిచింది.

"పోయిన సామాను యాడికీ పోదులే," అంది అవ్వ, ఆకు ఇంకో దవడకి మార్చుకుంటూ.

అంతలో బయట కారు ఆగింది. గోపీనాథ్ దిగాడు. తెల్లగా మెరిసిపోయే కొత్త బూట్లు, నల్ల కళ్ళద్దాలు. వెనకే శరవణన్ సార్. ఆయన గుమ్మడి గుజ్జును తప్పించుకుంటూ కొంగలా కాళ్ళు ఎత్తెత్తి వేస్తున్నాడు.

"మధూ, సార్‌ను బస్టాండులోనే పట్టుకొనేసినాను. మధ్యాహ్నం భోజనానికి కావేరిపట్టణం పోవాలంట. అత్తగారింట్లో వడలు కాచుకొని ఉండాయంట. మన పీసు రెడీనా?"

"పీసు లేదు, పిప్పరమెంటూ లేదు. పెట్టె లేవలేదు గోపన్నా!"

గోపీనాథ్ కళ్ళద్దాలు తీసి తెర వైపు చూశాడు. అతను చెడ్డవాడు కాదు పాపం. కానీ ప్రతిదానికీ 'నేను అప్పుడే చెప్పలేదా' అనేరకం. "నేను అప్పుడే చెప్పలేదా? పెన్‌డ్రైవ్ చాలునని! జేబులో వేసుకొంటే అయిపోయె."

"నీ పెన్‌డ్రైవ్‌లో సినిమా పాటలు తప్ప ఇంకేమి ఉండాది?"

"పాటలన్నా లేస్తాయి గదా!"

శరవణన్ సార్ నవ్వు ఆపుకోలేక చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. మధుమితకి ఒళ్ళు మండింది. గోపీనాథ్ మాత్రం ఉత్సాహంగా ఫోన్ తీసి, తెర మీది మాటలు కొట్టి వెతికి, గంతేసినంత పని చేశాడు. "ఇదిగో, ఈడ ఎవరో రాసినాడు చూడు! కనబడని డిస్కును గుంపులోంచి తీసేసే కమాండ్ ఉండాదంట. కొట్టేస్తే గుంపు లేస్తుందంట. అంతే! ఎంత సులభం!"

కొట్టేయడానికి అతని వేలు కీబోర్డు దాకా వచ్చేసింది కూడా. మధుమిత ఆ చేతి మీద ఫట్టున ఒక్కటిచ్చింది.

"నీకేమన్నా పిచ్చా? దాన్ని తీసేస్తే అందులో ఉన్నదంతా పోయినట్టే! మధ్యాహ్నం అన్నానికి రాలేదని ఇంట్లో మనిషి పేరు రేషన్ కార్డులోంచి కొట్టేస్తారా ఎవరైనా?"

"నొప్పిగా ఉండాది మధూ," అన్నాడు గోపీనాథ్ చెయ్యి ఊదుకుంటూ.

ఆమెకి మాత్రం ఆ కమాండ్ కొట్టాలని ఒక్క క్షణం అనిపించకపోలేదు. గుంపు లేస్తే చాలు, ఏదో ఒకటి చేసి చూపించొచ్చు. కానీ ఆ బుష్ ప్రోగ్రాము ఉన్నది కొత్త డిస్కులోనే అయి ఉంటుంది. చివరగా రాసింది అదే కదా.

అప్పుడు వచ్చాడు లక్ష్మణప్ప. చంకలో బూడిదగుమ్మడికాయ, భుజాన అరిటిపిలకలు. వస్తూనే శరవణన్ సార్‌కి నమస్కారం పెట్టబోయి, చేతులు ఖాళీ లేక తల ఊపాడు.

"నాయనా, కొంప మునిగింది! ఒక డిస్కు కనబడటం లేదు!"

లక్ష్మణప్ప తల ఊపడం మధ్యలోనే ఆగిపోయింది. గుమ్మడికాయ చంకలోంచి ఇంచు జారింది. ఆయన ఒకసారి పెట్టె వైపు, ఒకసారి పట్టుగుడ్డ వైపు, ఒకసారి తన తల్లి వైపు చూశాడు. అవ్వ కనుబొమలు పైకెత్తింది. 

"అది... రాహుకాలం దాటితే లేస్తుందిలే," అన్నాడు.

"ఏమి?"

"రాహుకాలం మధూ. దాటిపోనీ, అదే లేస్తుంది. నువ్వు సుమ్నే, ఊరికే కూర్చో."

 జీవితంలో ఏ రోజూ రాహుకాలం చూసి చక్రం ఆపని మనిషి ఈయన! "కంప్యూటరుకి రాహుకాలమేమి నాయనా? దానికి పంచాంగం తెలుసునా?"

"తెలుసో తెలీదో. లేస్తుంది అంటా ఉండాను గదా."

"సార్, ఇదు సైన్సా సార్?" అన్నాడు శరవణన్ అమాయకంగా.

"సైన్సే సార్. పొంగలి తింటారా?" అని లక్ష్మణప్ప ఆయన్ని మూలకి లాక్కుపోయాడు.

మధుమిత ఇక ఎవరి మాటా వినదలుచుకోలేదు. పెట్టె వైర్లు పీకి, బంతిపూల మాల పక్కకి జరిపి, బల్ల మీదికెత్తింది. వైరు వదులైందేమో, అంతే అయ్యుంటుంది, అంతే అయ్యుండాలి దేవుడా, అనుకుంటూ మూత లాగింది.

వైరు వదులు కాలేదు. వైరు ఉంది. వైరు చివర డిస్కు లేదు.

కొత్త డిస్కు ఉండాల్సిన అర ఖాళీగా, కడిగిన పళ్ళెంలా ఉంది. ఆమె చెయ్యి లోపల పెట్టి తడిమింది. కళ్ళతో చూసింది నమ్మబుద్ధి కాలేదు మరి. తర్వాత మెల్లిగా తల తిప్పి గోపీనాథ్‌ని చూసింది.

"గోపన్నా."

"ఏమి?"

"డిస్కు యాడ?"

"నన్నడుగుతావేమి? ఆ పెట్టె మూత ఏ పక్క తెరుస్తారో కూడా నాకు తెలీదు!"

"షాపు నీకు రావాలని చేసినావు గదా? చెప్పు!"

"అయ్యో రామా! అవ్వా, కర్పూరం వెలిగించు! ఈడే ఆర్పి ప్రమాణం చేస్తా. సార్, మీరు సాక్షి!"

"నన్ను ఎందుకు లాగుతారు సార్?" అన్నాడు శరవణన్, నోటి నిండా పొంగలితో.

గోపీనాథ్ మొహం ఎర్రబడింది. అరచేతిలో కర్పూరం పెట్టమని అవ్వ ముందు చెయ్యి చాపి కూర్చున్నాడు. అవ్వ ఆ చేతిలో కర్పూరానికి బదులు ఇంత పొంగలి పెట్టింది. ఏం చెయ్యాలో తెలియక అతను దాన్ని తినేశాడు. మధుమితకి ఏడుపొచ్చేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ ఒక్కరోజు, ఒక్క ఈ రోజు అన్నీ సరిగ్గా జరగాలనుకుంది. ఇదిగో, ఇప్పుడు కంపెనీ మనిషి ముందు దొంగతనం పంచాయితీ! నాయన ఇక షాపు తన చేతికి ఇచ్చినట్టే!

కళ్ళు తుడుచుకుని మళ్ళీ పెట్టెలోకి తొంగి చూసింది. ఈసారి ఇంకోటి కనిపించింది.

డిస్కును పట్టి ఉంచే మరలు పెట్టె అడుగున ఒక కాగితం ముక్క మీద వరుసగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్క మరకీ సన్నగా నూనె రాసి ఉంది. ఖాళీ అర దుమ్ము లేకుండా బ్రష్షుతో ఊడ్చి ఉంది. దొంగ ఎవడైనా మరలకి నూనె రాసి పోతాడా? తీసిన ప్రతి మరనీ వరుసగా పేర్చి, నూనె రాయకపోతే నిద్ర పట్టని మనిషి ఈ హోసూరు తాలూకాలో ఒక్కడే ఉన్నాడు.

ఆమె తల తిప్పింది. లక్ష్మణప్ప పైకప్పు రేకుల వైపు శ్రద్ధగా చూస్తున్నాడు.

"నాయనా."

"ఊఁ."

"ఈ పక్క చూడు."

"రేకు కారుతా ఉండాదేమోనని..."

"నాయనా!"

లక్ష్మణప్ప చేతిలో గుమ్మడికాయని బిడ్డను సర్దుకున్నట్టు సర్దుకున్నాడు. "పూజకు పెట్టినాను పాపా," అన్నాడు చిన్న గొంతుతో. "అందరి సామాన్లూ పెడతా ఉండాము. నీది ఒక్కటి లేదు. నీ ఆయుధం ఏది అని చూస్తే... ఆ పొద్దు నువ్వే చెప్పినావు గదా, దీని ప్రాణం యాడుండాది అంటే, డిస్కులో అని. అందుకని తీసినాను. నువ్వు వచ్చేలోపల మళ్ళా బిగించేస్తా అనుకొంటిని. నువ్వేమో కోడి కూయకముందే వచ్చేసినావు."

"ఒకటి తీసేస్తే మిగిలిన దానితో ఎట్లా లేస్తుంది అనుకొన్నావు?"

"రెండుండె గదా! ఒకటి స్పేరనుకొంటిని. మన కంప్రెసరుకి రెండు బెల్టులు లేవా? ఒకటి తెగినా తిరుగుతుంది గదా!"

 మధుమిత నోట్లోంచి కిసుక్కున ఏదో బయటికొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. బల్లకి ఆనుకుని, అలాగే జారి నేలమీద కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమెను చూసి శరవణన్, ఆయన్ని చూసి గోపీనాథ్. రెండు బెల్టులంట! ఎవరైనా నవ్వు ఆపితే ఇంకొకరు "బెల్టు" అనేవాళ్ళు, మళ్ళీ మొదలు.

"సరి, ఇంక తియ్యి నాయనా, బిగించుకొంటా," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. ఇవి వేరే నీళ్ళు.

"గుడ్డ తాకితే చెయ్యి విరగ్గొడతా," అంది అవ్వ.

"అవ్వా! సార్ పోవాలి!"

"పోనీ. రాహుకాలం ముందు పోతుందా, మీ సారు ముందు పోతాడా చూద్దాం."

లక్ష్మణప్ప అందుకే నోరు మెదపలేదని అప్పుడర్థమైంది. చెప్పినా ఏం లాభం? ఇరవై మంది పనివాళ్ళని ఒక్క కేకతో నిలబెట్టే మనిషి, వాళ్ళమ్మ కనుబొమకి భయపడి నోరు కుట్టేసుకున్నాడు.

మధుమిత బుర్ర మాత్రం ఊరుకోలేదు. "డిస్కును కదపకూడదు, అంతే గదా? సరే, పెట్టెనే దాని దగ్గరికి తీసుకొని పోదాం! వైరు గుడ్డ కిందనుంచి పంపిస్తా. గుడ్డ ఎత్తను, డిస్కు కదపను. గోపన్నా, పట్టు!"

గోపీనాథ్, శరవణన్ చెరో పక్కా పట్టి, పెళ్ళికొడుకును తెచ్చినట్టు పెట్టెని పూజ దగ్గరికి మోసుకొచ్చారు. బంతిపూల మాల అడుగడుగునా శరవణన్ ముక్కుకు తగిలింది. మధుమిత వైరు పట్టుకుని నేలమీద బోర్లా పడుకుని గుడ్డ అంచు దగ్గరికి పాకింది. అవ్వ పొంగలి గరిట ఎత్తింది.

"నిద్రపోయే సామాన్లకు వైర్లు గుచ్చేది యాడన్నా ఉండాదా? లెయ్యే పైకి!"

లేచింది. ఏం చేస్తుంది మరి? అందరూ పూజ ముందే చుట్టూ కూర్చుని బొరుగులూ పుట్నాల పప్పులూ తింటూ రాహుకాలం దాటేదాకా కాచుకున్నారు. శరవణన్ కావేరిపట్టణానికి ఫోన్ చేసి, "డిస్కు పూజలో ఉంది, నిద్రపోతోంది, లేవగానే వస్తా" అని అరవంలో చెప్పాడు. అవతల వాళ్ళావిడ ఏమందో గానీ, ఆయన ఫోన్ చెవికి దూరంగా పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"పరవాలేదమ్మా," అన్నాడు చివరికి మధుమితతో. "మా అమ్మ అయినా ఇదే గరిట ఎత్తుతుంది. ఈ పీసు చూడకుండా నేను పోను."

రాహుకాలం పోయింది. అవ్వ లేచి, చీర దులుపుకుని, కర్పూరం వెలిగించింది. గంట మోగింది. హారతి కళ్ళకద్దుకుని మధుమిత ముందుకు వంగింది. అరిటాకు మీద ఎక్కడో స్పానర్ల మధ్య ఉంటుంది, తీసుకుని పరుగెత్తుదామని చెయ్యి చాపే ఉంచింది. అవ్వ పట్టుగుడ్డ తీసింది.

అరిటాకు మీద స్పానర్లున్నాయి. డ్రిల్లు బిట్లున్నాయి. చక్ కీలున్నాయి. తాత వెర్నియర్ ఉంది. దాని పక్కన, ఆకు మీద, నాయన మైక్రోమీటర్ ఉంది.

మధ్యలో వెండి పళ్ళెం. అందులో ఆమె డిస్కు. మీద గంధం, కుంకుమ బొట్టు, నాలుగు అక్షింతలు.

మధుమిత చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. నాయన వైపు చూసింది. ఆయన మళ్ళీ రేకుల వైపు చూస్తున్నాడు.

"విజయదశమి నాడు చెబుతాననె గదా," అంది అవ్వ. "నిన్ననే అమ్మవారికి చెప్పేసినాడు. నీకు చెప్పేదానికే వానికి నోరు రాలేదు."

"నాయనా..." అంది మధుమిత.  సంతోషానికి ఒళ్ళంతా జివ్వుమంది. ఎగిరి గంతేయాలనిపించింది, ఆయన కాళ్ళమీద పడాలనిపించింది. రెండూ ఒకేసారి చెయ్యబోయి మోకాలు పీటకి కొట్టుకుని "అబ్బా" అంది.

"ముందు పెట్టెను లేపు, సారు వడలు ఆరిపోతా ఉండాయి," అన్నాడు లక్ష్మణప్ప. "బొట్టు పెట్టేటప్పుడు ఆ పండ్లుండే పక్క తాకలేదు పాపా, జాగ్రత్తగానే పెట్టినాను."

పండ్లున్న పక్క, అంటే వైరు తగిలించే చోట, ఒక అక్షింత ఇరుక్కుని ఉంది. నాయన బ్రష్షుతోనే దాన్ని మెల్లిగా బయటికి తీసింది. డిస్కు అరలో బిగించింది. కుంకుమ బొట్టు మాత్రం తుడవలేదు. వైర్లు తగిలించి బటన్ నొక్కింది.

ఆఖరి ఓవరు చూస్తున్నట్టు అందరూ తెర మీదికి వంగారు. తెల్ల అక్షరాలు పరుగెత్తాయి. ఇందాక ఆగిన చోటికి వచ్చాయి.  గుంపు దొరికింది. గుంపులో ఉన్నవన్నీ లేచాయి. అక్షరాలు ఆగకుండా ఉరుకుతూ పోయాయి.

"చెప్పలే!" అని లక్ష్మణప్ప ఎగిరి తొడ చరిచాడు. మోకాలి నొప్పి ఏమైందో ఏమో. "రాహుకాలం దాటితే లేస్తుందని నేను చెప్పలే!"

ప్రోగ్రాము అందుకున్న లేతు నుంచి మొదటి బుష్ దిగింది. నూనెలో తడిసి, వెచ్చగా, తళతళలాడుతూ మధుమిత అరచేతిలోకి వచ్చింది. శరవణన్ దాన్ని తుడిచి, కృష్ణగిరి నుంచి తెచ్చిన ప్లగ్ గేజ్ రంధ్రంలో పెట్టాడు. లోపలికి పోవలసిన చివర నున్నగా పోయింది. తిప్పి రెండో చివర పెట్టాడు. పోకూడనిది పోలేదు. ఆయన మళ్ళీ కొలిచాడు, ఇంకోసారి కొలిచాడు, తర్వాత నవ్వాడు. "ఆర్డర్ మీకేనమ్మా. దీన్ని మా సార్‌కి చూపిస్తాను. పూజ సంగతి చెబితే మాత్రం నమ్మడు."

ఇక మిగిలింది గుమ్మడికాయ. లక్ష్మణప్ప దాని మీద కర్పూరం వెలిగించి, వాకిట్లోకి తెచ్చాడు. షాపుకి మూడుసార్లు తిప్పి కొట్టేది ఎప్పుడూ షాపు పెద్దే. ఆయన దాన్ని కూతురి చేతుల్లో పెట్టాడు.

"నేనా?" అంది మధుమిత. ఆ వీధిలో ఆడపిల్ల గుమ్మడికాయ కొట్టడం ఎవరూ చూసి ఉండరు. ఎదురుషాపు దాసప్ప అప్పుడే నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"ఊరికే నిలబడితే కర్పూరం చెయ్యి కాలుస్తుంది, కొట్టవే!" అని అవ్వ కేకేసింది.

తిప్పింది. నెత్తికెత్తింది. తనకున్న బలమంతా పెట్టి రోడ్డుకేసి కొట్టింది. ఫట్‌మని పగిలిన పగులుకి గుజ్జు దాసప్ప గడప దాకా పోయింది. గింజలన్నీ వచ్చి గోపీనాథ్ తెల్ల బూట్ల మీద పడ్డాయి.

గోపీనాథ్ బూట్లు చూసుకున్నాడు. చూసుకుని, పెద్దగా నిట్టూర్చాడు. "సరిపోయె. షాపులో నా వాటా నాకు వచ్చేసింది."

సాయంత్రం అందరూ వెళ్ళాక మధుమిత పెట్టె మూత బిగిస్తోంది. లక్ష్మణప్ప కాగితం మీద మూత మరలు తెచ్చి పక్కన పెట్టాడు. మళ్ళీ నూనె రాసి ఉన్నాయి.

"ఎందుకు నాయనా నూనె?"

"వచ్చే దసరాకి తీసేటప్పుడు సులభంగా ఉంటుందని."

"తీస్తే రెండూ తియ్యి. ఒకటి తీస్తే లేవదు, చూసినావు గదా."

"పళ్ళెంలో ఒకటే పట్టేది."

మధుమిత ఆకు మీదున్న ఆయన మైక్రోమీటర్ తీసి, పంచె అంచుతో ఆయన తుడిచే పద్ధతిలోనే తన చున్నీతో తుడిచి, ఆయన జేబులో పెట్టింది. "పెద్ద పళ్ళెం కొందాం," అంది.